లింఫోమా ఉన్నవాళ్లకి ఎడమ డొక్కలో నొప్పి వస్తే ఏం చేయాలి

నేను రక్త క్యాన్సర్ల వార్డులో నర్సుని. లింఫోమా అనే రక్త క్యాన్సర్ ఉన్న పేషెంట్లని ఇంటికి పంపేటప్పుడు జ్వరం గురించి అందరం చెబుతాం. థర్మామీటరు దగ్గర పెట్టుకోండి, 38 డిగ్రీల సెల్సియస్ దాటితే వెంటనే వచ్చేయండి అంటాం. ప్లీహం (స్ప్లీన్) గురించి చెప్పేవాళ్లు తక్కువ. దెబ్బేమీ తగలకుండా ప్లీహం దానంతటదే పగలడం అరుదు కాబట్టి, లేనిపోని టెన్షన్ పెట్టడం ఎందుకని ఊరుకుంటారు. నేను ఊరుకోను. డిశ్చార్జి కాగితాలు ఇచ్చాక కుర్చీ లాక్కుని కూర్చుని చెబుతాను. అదీ పేషెంటుకి కాదు, వెంట ఉన్నవాళ్లకి. ఆ సమయం వస్తే పేషెంటు మాట్లాడగలిగే స్థితిలో ఉంటారో లేదో తెలియదు. క్యాజువాలిటీ గుమ్మంలో నోరు విప్పాల్సింది మీరే. అందుకే ఇది మీకోసం రాస్తున్నాను.

ముందుగా స్కాన్ రిపోర్టు తీయండి

ప్లీహం పొట్టలో ఎడమవైపు పైభాగాన, 9 నుంచి 11వ పక్కటెముకల చాటున ఉంటుంది. మామూలుగా సుమారు 150 గ్రాముల బరువు, 11, 12 సెంటీమీటర్ల పొడవు. బయటినుంచి చేతికి తగలదు. ముసలి ఎర్రకణాలని ఏరి తీసేయడం, రక్తంలోకి చొరబడిన క్రిముల్ని పట్టుకోవడం దాని పని. గుండె పంపే రక్తంలో దాదాపు 5 శాతం దాని గుండానే పోతుంది. ఇంత రక్తం తిరిగే అవయవం మీద ఉండే పొర మందం మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్లే.

లింఫోమా పేషెంట్లకి సీటీ గానీ పెట్ సీటీ గానీ తీసే ఉంటారు. ఆ రిపోర్టులో 'స్ప్లీన్' అన్న చోట సెంటీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. పెద్దవాళ్లలో 13 దాటితే పెరిగిందనే లెక్క. ఆ అంకె, స్కాన్ తీసిన తేదీ ఒక చిన్న కార్డు మీద రాయండి. దాని కిందే లింఫోమా రకం, చివరి కీమో తేదీ, రక్తం పల్చబడే మందులేవైనా వాడుతుంటే వాటి పేర్లు, బ్లడ్ గ్రూపు, చివరిసారి చూసిన ప్లేట్‌లెట్ల సంఖ్య, మందుల ఎలర్జీలు, క్యాన్సర్ డాక్టరు ఫోన్ నంబరు రాయండి. లావుపాటి ఫైలు ఉందిగా అనుకోవద్దు. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఆ ఫైలు తిప్పేంత తీరిక ఎవరికీ ఉండదు.

కార్డులో చాలామంది రాయని ఇంకో విషయం ఉంది. హాడ్జ్‌కిన్ లింఫోమా ఉన్నవాళ్లకి, ఫ్లూడరాబిన్ లాంటి కీమో మందులు తీసుకున్నవాళ్లకి రేడియేషన్ పెట్టిన రక్తమే ఎక్కించాలని సాధారణంగా చెబుతారు. మీ విషయంలో అది వర్తిస్తుందో లేదో మీ డాక్టరుని ముందే అడిగి రాసుకోండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు దానికోసం రక్తం ఎక్కించడం ఆపరు, ఆపకూడదు కూడా. ఒక పది నిమిషాలు వ్యవధి ఉంటే మాత్రం ఆ ఒక్క లైను పనికొస్తుంది.

దెబ్బ తగలకుండా ఎందుకు పగులుతుంది

లింఫోమా కణాలు ప్లీహంలో చేరి పెరుగుతుంటే పైపొర సాగుతూ పోతుంది. లోపల కొన్ని చోట్ల రక్తప్రసరణ అందక కణజాలం చచ్చిపోతుంది, అక్కడ రక్తం చిమ్ముతుంది. దీనికి తోడు జబ్బు వల్లో కీమో వల్లో ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటాయి కాబట్టి చిన్న చీలిక కూడా దానంతటదే మూసుకోదు. ఆ తర్వాత ఒక గట్టి దగ్గు, ఒక వాంతి, ముక్కుతూ మలవిసర్జన చేయడం చాలు. ఒక్కోసారి అదీ అక్కర్లేదు.

వేగంగా పెరిగే రకాల్లో, ముఖ్యంగా డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమాలో, మాంటిల్ సెల్ లింఫోమాలో ఇలాంటి కేసులు రాశారు. మిగతా రకాలకి రాదని కాదు. 2009లో ఒక బ్రిటిష్ సర్జరీ పత్రికలో వచ్చిన సమీక్షలో, దెబ్బ లేకుండా ప్లీహం పగిలిన 845 మంది వివరాలు పోగుచేశారు. వాళ్లలో సుమారు 30 శాతం మందికి మూలకారణం క్యాన్సర్లు. మిగతావాళ్లలో ఇన్‌ఫెక్షన్లు, వాపు జబ్బులు, మందుల ప్రభావం లాంటివి. మొత్తం మీద చనిపోయినవాళ్లు సుమారు 12 శాతం. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎక్కువమంది బతికారన్నది కూడా అదే లెక్కలో ఉంది.

జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు రెండు రకాలు. మొదటిది, జబ్బు బయటపడి ఇంకా కీమో మొదలవని రోజులు, కీమో మొదలైన తొలి రోజులు. మందు బాగా పనిచేసి క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా చచ్చినప్పుడు కూడా ప్లీహం బలహీనపడుతుంది. రెండోది, తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్, పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ల తర్వాత. ఎడమ పొట్ట పైభాగంలో గానీ ఎడమ భుజంలో గానీ నొప్పి వస్తే వెంటనే చెప్పాలని ఆ మందుల హెచ్చరికలోనే ఉంటుంది. ఈ ఇంజెక్షన్ల వల్ల ఎముకల నొప్పులు మామూలే. నడుము, తొడలు, రొమ్ము ఎముక నొప్పెట్టడం వేరు, ఎడమ డొక్కలో నొప్పి వేరు. అన్నిటినీ కలిపి ఇంజెక్షన్ నొప్పులే అని తోసేయకండి.

ప్లీహం బాగా పెద్దదైతేనే పగులుతుందా అని అడుగుతారు. పెద్దదైతే ప్రమాదం ఎక్కువే, కానీ ఓ మోస్తరుగా పెరిగినది కూడా పగలవచ్చు. కాబట్టి అంకె చిన్నదని నిశ్చింతగా ఉండకండి.

నొప్పిని గుర్తుపట్టడం

అసలు చిక్కంతా ఇక్కడే. ఈ నొప్పి తన పేరు చెప్పుకుని రాదు. కొందరికి ఎడమ పక్కటెముకల కింద కత్తితో పొడిచినట్టు ఒక్కసారిగా వస్తుంది. వాళ్లు అదృష్టవంతులనే అంటాను, ఎందుకంటే వెంటనే పరిగెత్తుకొస్తారు. ఎక్కువమందికి మొదట పొట్ట పైభాగం బరువుగా, పట్టేసినట్టు ఉంటుంది. కాస్త తినగానే కడుపు నిండిపోతుంది. లోతుగా ఊపిరి పీలిస్తే పక్కన గుచ్చుకుంటుంది. గ్యాస్ అనుకుంటారు, కండరం పట్టింది అనుకుంటారు. పెరిగిన ప్లీహం ఉన్నవాళ్లకి ఆ బరువు రోజూ ఉండేదే కాబట్టి ఇంకా తికమక. అందుకే నేను చెప్పే గుర్తు 'నొప్పి ఉందా' కాదు, 'నొప్పి మారిందా' అని. నిన్నటిదాకా లేని చోట ఉన్నా, నిన్నటికంటే పెరిగినా, కదిలితే ఎక్కువవుతున్నా మారినట్టే.

రెండో గుర్తు ఎడమ భుజం. పగిలిన ప్లీహం నుంచి కారిన రక్తం పైకి చేరి, ఊపిరితిత్తులకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం అనే కండరాన్ని రాజేస్తుంది. ఆ కండరానికి వచ్చే నరం మెడలోంచి దిగుతుంది. భుజం మీది చర్మానికి స్పర్శ ఇచ్చే నరాలూ మెడలో ఆ చోటునుంచే వస్తాయి. మెదడు తేడా పట్టలేక భుజం నొప్పెడుతోందని అనుకుంటుంది. జర్మన్ సర్జన్ హాన్స్ కేర్ పేరు మీద దీన్ని కేర్ సైన్ అంటారు. తేడా కనిపెట్టే పద్ధతి ఇదీ: భుజం మీద నొక్కితే నొప్పి ఉండదు, చెయ్యి ఎత్తినా దించినా మారదు, వెల్లకిలా పడుకుంటే మాత్రం పెరుగుతుంది. లేచి కూర్చుంటే కొంత నయమనిపిస్తుంది. లింఫోమా ఉన్న మనిషి 'పడుకోలేకపోతున్నాను, ఎడమ భుజం లాగేస్తోంది' అంటే భుజానికి మందు రాయకండి.

మూడోది, రక్తం పోతున్న గుర్తులు. లేచి నిలబడితే కళ్లు తిరగడం, చల్లటి చెమట, పాలిపోవడం, పల్స్ వేగంగా కొట్టుకోవడం, దాహం, ఎందుకో తెలియని కంగారు. ఇంట్లో బీపీ మెషిన్ ఉన్నవాళ్లు అంకె బాగుందని ఆగిపోతారు. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో దాదాపు మూడో వంతు పోయేదాకా బీపీ పడిపోకుండా శరీరం నెట్టుకొస్తుంది. ముందు పెరిగేది పల్స్. కాబట్టి మెషిన్‌లో కింద కనిపించే పల్స్ అంకె చూడండి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లలో ఆ పల్స్ కూడా పెరగకపోవచ్చు. కీమోతో పాటు ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు తీసుకునేవాళ్లలో పొట్ట గట్టిపడటం, నొక్కితే నొప్పి అంతగా తెలియవు. ఇలాంటివాళ్ల విషయంలో అనుమానమే చాలు, ఇంకో గుర్తు కోసం ఎదురుచూడొద్దు.

నొప్పి తగ్గిపోతే? తగ్గినా వెళ్లాలి. ప్లీహం లోపల చిట్లిన రక్తం మొదట పైపొర కిందే గూడుకట్టి ఉంటుంది. గంటలో, రోజులో గడిచాక ఆ పొర తెగుతుంది. ఆ మధ్యలో మనిషి లేచి తిరిగి, 'ఇప్పుడు బాగానే ఉంది' అంటారు. ఈ మాట నమ్మి మర్నాడు ఓపీకి వెళ్దాంలే అనుకున్న కుటుంబాలని చూశాను.

ఇంటి దగ్గర

అంబులెన్స్ పిలవండి. పేషెంటు తానే బండి నడుపుకుంటూ రాకూడదు, దారిలో స్పృహ తప్పవచ్చు. ఎలా పడుకుంటే హాయిగా ఉంటుందో అలా పడుకోనివ్వండి, నడిపించకండి. పొట్ట మీద నొక్కి చూడటం, రుద్దడం, వేడి కాపడం ఏదీ వద్దు. ఆపరేషన్ అవసరం పడవచ్చు కాబట్టి తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి, నోరు ఎండిపోతుంటే పెదాలు తడపండి చాలు. నొప్పి మాత్రలు అసలే వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లని పనిచేయనివ్వవు. లింఫోమా పేషెంట్లు డాక్టరుని అడగకుండా మామూలు రోజుల్లో కూడా వీటిని వేసుకోకూడదు.

ఎక్కడికి తీసుకెళ్లాలన్నది ఆ రాత్రి ఆలోచించే విషయం కాదు. ఇరవై నాలుగు గంటలూ సర్జన్, సీటీ స్కాన్, బ్లడ్ బ్యాంకు మూడూ ఉన్న ఆసుపత్రి మీకు దగ్గర్లో ఏదో ఇప్పుడే తెలుసుకోండి. కీమో తీసుకునే చోట రాత్రిపూట సర్జన్ ఉండకపోవచ్చు. అలవాటైన చోటని అక్కడికే వెళ్లి, అక్కడినుంచి ఇంకో చోటికి మార్చే లోపు పోయే సమయం తిరిగి రాదు.

క్యాజువాలిటీలో చెప్పాల్సిన మొదటి మాట

'కడుపు నొప్పి' అని మొదలుపెట్టకండి. ఇలా చెప్పండి: "ఈవిడకి లింఫోమా ఉంది. ప్లీహం 17 సెంటీమీటర్లు ఉందని స్కాన్‌లో వచ్చింది. ఎడమ డొక్కలో, ఎడమ భుజంలో నొప్పి. ప్లీహం పగిలిందేమో అని మా అనుమానం." ఈ నాలుగు వాక్యాలే. ఎంతసేపయింది, ఏం తిన్నారు, ఏ ఊళ్లో చూపించారు, ఇవన్నీ తర్వాత.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. డ్యూటీ డాక్టరు మొట్టమొదట అడిగేది 'ఎక్కడైనా పడ్డారా, దెబ్బ తగిలిందా' అని. మీరు లేదంటారు. అది నిజమే. కానీ ఆ ఒక్క 'లేదు'తో ప్లీహం అన్న ఆలోచన చాలామంది బుర్రల్లోంచి వెళ్లిపోతుంది, ఎందుకంటే ప్లీహం పగలడం అంటే యాక్సిడెంట్ కేసులే ఎక్కువగా చూసి ఉంటారు. ఆ తర్వాత మిగిలేది ఎడమ భుజం నొప్పి, చెమటలు, వేగంగా పల్స్. అది గుండెపోటులా ఉంటుంది. ఈసీజీ తీస్తారు, తీయాలి కూడా, దానికి అడ్డుపడకండి. కానీ గుండెపోటు అన్న అనుమానంతో ఆస్పిరిన్, హెపారిన్ లాంటివి ఇవ్వబోతే మాత్రం ఆపి అడగండి: "ముందు పొట్ట అల్ట్రాసౌండ్ చూస్తారా? ప్లీహం పెరిగి ఉంది." క్యాన్సర్ ఉన్నవాళ్లకి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టడం కూడా ఎక్కువ కాబట్టి, ఆ అనుమానంతోనూ హెపారిన్ ఇస్తారు. లోపల రక్తం కారుతున్న మనిషికి రక్తం పల్చబడే మందు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గొంతు పెంచక్కర్లేదు. మర్యాదగా, కార్డు చూపిస్తూ, ఎన్నిసార్లయినా అదే మాట చెప్పండి. మంచి డాక్టరు విసుక్కోడు. ఇంతకీ ఆ సమాచారం మీ దగ్గర తప్ప ఆ గదిలో ఎవరి దగ్గరా లేదు.

మంచం పక్కనే చేసే ఆ అల్ట్రాసౌండ్‌కి కొన్ని నిమిషాలు చాలు. పొట్టలో స్వేచ్ఛగా ద్రవం ఉందా లేదా అన్నది దాంతో తెలుస్తుంది. బీపీ నిలకడగా ఉంటే, స్కాన్‌లో రక్తనాళాలు స్పష్టంగా కనబడేలా చేసే కాంట్రాస్ట్ మందు ఇచ్చి సీటీ తీస్తారు. ఎక్కడ చీలింది, ఇంకా కారుతోందా అన్నది అందులో స్పష్టంగా కనబడుతుంది. కిడ్నీ సమస్యగానీ కాంట్రాస్ట్ ఎలర్జీగానీ ఉంటే చెప్పండి. బీపీ పడిపోతున్న మనిషిని సీటీ గదికి తీసుకెళ్లరు, నేరుగా ఆపరేషన్ థియేటర్‌కే.

హిమోగ్లోబిన్ రిపోర్టు బాగుందని ఎవరైనా అంటే ఊరట చెందకండి. రక్తం పోయినప్పుడు ద్రవమూ కణాలూ కలిసే పోతాయి, కాబట్టి మొదటి గంటల్లో ఆ అంకె పెద్దగా మారదు. కొంతసేపటికి మళ్లీ చూసినదే అసలు లెక్క.

ఆపరేషన్ గురించి

ఇది సర్జన్ల పని, నేను ఎక్కువ చెప్పను. రక్తస్రావం ఆగకపోతే ప్లీహం తీసేస్తారు. నిలకడగా ఉన్న కొందరికి తొడ దగ్గరి గానీ మణికట్టు దగ్గరి గానీ ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి, ప్లీహానికి వెళ్లే రక్తనాళాన్ని మూస్తారు. దెబ్బ తగిలి పగిలిన మామూలు ప్లీహాన్ని కాపాడే ప్రయత్నం చేసినంతగా, జబ్బు నిండిన ప్లీహాన్ని కాపాడటానికి చూడరు. మళ్లీ పగిలే భయం ఉంటుంది.

ఒక్క సంగతి మాత్రం గుర్తుచేయండి. తీసిన ప్లీహం పరీక్ష కోసం పాథాలజీ ల్యాబ్‌కి వెళ్లాలి. కొందరిలో ప్లీహం పగలడమే లింఫోమాకి మొదటి గుర్తు, అంతకుముందు జబ్బు ఉన్నట్టే తెలియదు. అలాంటప్పుడు ఆ ప్లీహమే బయాప్సీ. జబ్బు ముందే తెలిసినా, అది ఇంకో రకంలోకి మారిందేమో దాన్నిబట్టి తెలుస్తుంది. పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేయకముందే కొంత ముక్క తాజాగా పంపితే, కణాలు ఏ రకమో తేల్చే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష చేయడానికి వీలవుతుంది. మీ క్యాన్సర్ డాక్టరు, సర్జన్ ఫోన్లో మాట్లాడుకునేలా చూస్తే ఇవన్నీ వాళ్లే తేల్చుకుంటారు.

ప్లీహం లేకుండా ఇంటికి వచ్చాక

తొలి వారాల్లో ఊపిరి కసరత్తులు మానొద్దు. ఎడమ ఊపిరితిత్తి కింది భాగం ముడుచుకుపోయి న్యుమోనియా వచ్చేది ఇప్పుడే. ఆపరేషన్ తర్వాత ప్లేట్‌లెట్లు బాగా పెరుగుతాయి, లివర్‌కి వెళ్లే సిరలో గడ్డ కట్టే ప్రమాదమూ పెరుగుతుంది. గాయం మానుతున్న కొద్దీ తగ్గాల్సిన కడుపు నొప్పి తిరిగి పెరిగినా, వాంతులు, జ్వరం వచ్చినా ఆ సంగతి తేల్చాలి.

కీమో సాధారణంగా గాయం మానాక, కొన్ని వారాల తర్వాత మొదలుపెడతారు. జబ్బు చాలా వేగంగా ఉంటే ముందుగానే మొదలెట్టవచ్చు, అది క్యాన్సర్ డాక్టరు నిర్ణయం.

ఇకనుంచి జ్వరానికి అర్థం మారిపోతుంది. ప్లీహం లేనివాళ్లలో న్యుమోకాకస్, మెనింగోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బీ లాంటి బాక్టీరియా రక్తంలో పడితే గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తాయి. తొలి రెండు మూడేళ్లలో ప్రమాదం ఎక్కువ, తర్వాత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. 38 డిగ్రీలు వచ్చినా, జ్వరం లేకుండా వణుకు పుట్టినా ఆసుపత్రికే. ఇంట్లో ఉంచుకుని, జ్వరం రాగానే మొదటి మోతాదు వేసుకుని బయల్దేరడానికి ఏ యాంటీబయాటిక్ పెట్టుకోవాలో డిశ్చార్జికి ముందే రాయించుకోండి. మాత్ర వేసుకున్నాం కదా అని ఆగిపోవడం కాదు, వేసుకుని బయల్దేరడం. కుక్క కరిస్తే గాయం చిన్నదైనా అదే రోజు చూపించండి. మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్లాల్సి వస్తే ముందే డాక్టరుతో మాట్లాడండి, ప్లీహం లేనివాళ్లకి మలేరియా తీవ్రంగా వస్తుంది.

పైన చెప్పిన మూడు బాక్టీరియాకీ టీకాలున్నాయి. ఎమర్జెన్సీగా ప్లీహం తీసినప్పుడు సాధారణంగా ఆపరేషన్ అయిన 14 రోజులకి వేస్తారు. లింఫోమావాళ్లకి ఇక్కడొక మెలిక ఉంది. లింఫోమాకి వాడే రిటుక్సిమాబ్ అనే మందు తీసుకుంటే యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలే పోతాయి, కాబట్టి ఆ మందు తర్వాత సుమారు ఆరు నెలలదాకా టీకా సరిగా పట్టదు. అందుకని రెండో వారంలోనే, కీమో తిరిగి మొదలవకముందే వేయించడానికి వీలుందా అని అడగండి. ముందువి పట్టలేదనిపిస్తే చికిత్స అయ్యాక మళ్లీ వేస్తారు. ఫ్లూ టీకా ఏటా. లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి) మాత్రం క్యాన్సర్ డాక్టరు సరే అనేదాకా వద్దు.

ప్లీహం ఇంకా ఉన్నవాళ్లకి

పొట్టకి దెబ్బ తగిలే ఆటలు మానేయండి. బరువులు ఎత్తొద్దు. దగ్గుని, వాంతుల్ని, మలబద్ధకాన్ని ఓర్చుకోకుండా మందు అడగండి, ఈ మూడూ పొట్టలో ఒత్తిడి పెంచేవే. కారులో సీటు బెల్టు పొట్టకి తగులుతుందని తీసేసేవాళ్లున్నారు. తీయకండి, కింది పట్టీ తుంటి ఎముకల మీదికి దింపి పెట్టుకోండి. పొట్ట పరీక్ష చేసే ప్రతి కొత్త డాక్టరుకీ, విద్యార్థులకి కూడా, 'ప్లీహం పెరిగి ఉంది, మెల్లగా చూడండి' అని ముందే చెప్పండి. కొలొనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపే పరీక్ష) చేయించాల్సి వస్తే అక్కడా చెప్పాలి, అరుదుగా దానివల్ల కూడా ప్లీహానికి గాయమవుతుంది. రక్తం పల్చబడే మందులు మీ అంతట మీరు ఆపకండి, వాటి అవసరం వేరే ఉంటుంది. వాడుతున్నారన్న సంగతి అందరికీ తెలిసి ఉండాలి, అంతే. ఏ పక్కకి తిరిగి పడుకోవాలని చాలామంది అడుగుతారు, ఏ పక్క హాయిగా ఉంటే ఆ పక్కే. దాంపత్యం గురించి అడగలేక ఆగిపోతారు. పొట్ట మీద బరువు పడకుండా చూసుకుంటే చాలు, కానీ ప్లేట్‌లెట్లు బాగా తక్కువగా ఉన్న రోజుల్లో డాక్టరుని అడగాలి.

కొత్త స్కాన్ వచ్చిన ప్రతిసారీ కార్డు మీద అంకె మార్చండి. కార్డు ఒకటి పేషెంటు దగ్గర, దాని ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి.